కుటుంబమునకు చాలిన గుడారము

(సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఏటేట ఈ వేదికమీద సాహిత్యమును గూర్చియో, సంగీతమును గూర్చియో పెద్దలు ప్రసంగించుట వాడుక. ఈ యేడు మన కార్యదర్శిగారు నన్ను పిలిచి, "సెలవు దొరికితే చాలు, మీరు గుడారం వేసుకుని అడవుల్లో ఉంటారు కదా, ఆ సంగతే చెప్పండి" అనిరి. నేను పండితుడను గాను. గుడారములు అమ్మువాడనును గాను. ఒక గుడారమును తప్పుగా కొని, మఱియొక దానిని సరిగా కొనినవాడను. ఆ రెండింటి నడుమ నేర్చుకొనిన దానిని మీకు విన్నవించుటకు వచ్చితిని.

గుడారమనగానే ఇది దొరల విలాసమని కొందఱికి తోచవచ్చును. మన తాతముత్తాతలు గూడుబండి కట్టుకొని తీర్థములకు, జాతరలకు పోవునాడు బియ్యము, కుండలు, పిల్లలు, ముసలివారు అందఱును ఆ బండిలోనే ప్రయాణము చేసిరి. చీకటిపడు వేళకు ఏ చెఱువుగట్టుననో ఎద్దులను విప్పి, మూడు రాళ్ళు పెట్టి వండుకొని, బండి నీడనే పండుకొనిరి. తెలంగాణమున రెండేండ్ల కొకమాఱు మాఘ పౌర్ణమి దినములలో జరుగు మేడారము సమ్మక్క-సారలమ్మ జాతరకు నేటికిని కుటుంబములకు కుటుంబములే తరలిపోయి డేరాలు వేసికొని యుండును. రాజుల మాట చెప్పనక్కఱయే లేదు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరుమీదికి దండెత్తినప్పటి శిబిరమును న్యూనిజ్ అను పోర్చుగీసువాడు వర్ణించి యున్నాడు. రాయల గుడారము చుట్టును ముండ్లకంచె, దానికి ఒకే ద్వారము, ఆ ద్వారమునొద్ద కావలి యుండెనట! మనలో పెద్దవారు పల్లెటూళ్ళలో డేరా సినిమాలు చూచియే పెరిగిరి. కావున గుడారము మనకు క్రొత్తది కాదు. ఎద్దులకు బదులు కారు వచ్చినది, అంతియే.

భిలాయిలో నున్న మనకు ఈ వినోదము మఱింత తగియున్నది. 1955లో సోవియట్ దేశముతో ఒడంబడిక జరిగి, 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. ఆ కాలమున ఉద్యోగములకై శ్రీకాకుళము, విశాఖపట్టణము మొదలగు జిల్లాలనుండి తరలివచ్చినవారి బిడ్డలు, మనుమలు ఈ సభలో ఎందఱో కలరు. ఇచ్చట పుట్టి పెరిగిన మన పిల్లలకు సెక్టారుల వీధులు తెలియును, మైత్రీ బాగులోని పులులు తెలియును. కాని పూట ప్రయాణములోనున్న తాందులా జలాశయముమీద తెల్లవాఱుట ఎట్లుండునో, ధమ్తరి చెంత మహానదికి కట్టిన గంగ్రేల్ ఆనకట్ట యొడ్డున వెన్నెల ఎట్లు కాయునో తెలియదు. ఇంకను దూరము పోదమన్నచో కేశ్‌కాల్ ఘాటు దాటి బస్తరు కలదు. ఇంద్రావతీ నది దుముకు చిత్రకూట జలపాతము కలదు. జగదల్పూరు, కోరాపుట్టు, సాలూరుల మీదుగా మన స్వస్థలములకు పోవు త్రోవయు అదియే. ఇట్టి ప్రయాణములలో ఒక రాత్రి ఆరుబయట గడపిన పిల్లవాడు ఆ త్రోవను జన్మలో మఱువడు.

ఇప్పుడు నా తప్పును చెప్పెదను. మా ఇంట మేము అయిదుగురము: నేను, నా భార్య, ఇద్దఱు పిల్లలు, మా అమ్మగారు. అమ్మగారికి అప్పటికి డెబ్బది దాటినది. మోకాళ్ళ నొప్పులు కలవు. ఒక దుకాణమున "నలుగురికి" అని పెట్టెమీద వ్రాసియున్న గుడారమును చూచితిని. పిల్లలిద్దఱు చిన్నవారు గదా, ఇద్దఱును ఒక పెద్దకు సమానమని లెక్కవేసికొని కొంటిని. ఆ డిసెంబరులో గంగ్రేలు సమీపమున, అనుమతి యున్న తావున, దానిని నిలిపితిమి. సాయంకాలము వఱకు అంతయు పండుగవలెనే యుండెను.

రాత్రి పండుకొనునప్పుడు తెలిసినది. లోపలి నేల 7 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. ఆ 8 అడుగుల పొడవున ఒకరి ప్రక్క నొకరము సర్దుకొంటిమి. అది గోపురమువంటి గుడారము. దాని గోడలు లోపలికి వాలియుండును. ఆ గోడప్రక్క అమ్మగారికి చోటు దొరికెను. మా అందఱి ఊపిరి తడియు చల్లని బట్టమీద చేరి బిందువులై ఆమె దుప్పటిమీద పడెను. నడిరాత్రి ఆమెకు బయటికి పోవలసివచ్చినది. వాకిలి ఒక్కటే; అది అవతలి ప్రక్కన, పిల్లల కాళ్ళకడ నుండెను. నిద్రించు పిల్లలను దాటుటకు మోకాళ్ళు సహకరింపవు. నన్ను లేపుటకు మనసొప్పదు. తెల్లవాఱుజామున నాకు మెలకువ వచ్చుసరికి ఆమె దుప్పటి కప్పుకొని కూర్చుండియున్నది. ఎప్పటినుండి అట్లున్నదో ఆమె చెప్పలేదు. తరువాత సంక్రాంతి సెలవులకు మరల బయలుదేఱుదమనగా, "బాబూ, మీరు వెళ్ళిరండి. నాకు ఇల్లే బాగుంటుంది" అనినది.

ఆ మాటతో నేను గుడారములను గూర్చి చదువ మొదలిడితిని, అడుగ మొదలిడితిని. తేలిన విషయములను వరుసగా చెప్పుదును.

మొదటిది, పెట్టెమీది సంఖ్య. తయారుచేయువారు మనిషికి ఇంచుమించు 2 అడుగుల వెడల్పు, ఒక్కొక్కప్పుడు అంతకన్న తక్కువ, లెక్కవేసి, భుజమునకు భుజము తగులునట్లు పండుకొనిన ఎందఱు పట్టుదురో ఆ సంఖ్యను వ్రాయుదురు. పెట్టెలు, చెప్పులు, నీళ్ళబిందె ఆ లెక్కలోనికి రావు. వీపుమీద మోసికొని కొండలెక్కువారికి ఆ లెక్క తగును, బరువు తగ్గుటయే వారికి ముఖ్యము. కారులో పోవు మనకు బరువుతో అంత పనిలేదు. కావున ఇంటిలోని మనుష్యుల సంఖ్యకు రెండు కలిపి చూడుడు. నలుగురున్నచో ఆరుగురిది, ముసలివారుగాని మడతమంచముగాని ఉన్నచో ఇంకను రెండు కలుపుడు. పిల్లలను సగము మనుష్యులుగా లెక్కింపవలదు. నిద్రలో వారు పెద్దలకన్న ఎక్కువ చోటును ఆక్రమింతురు.

సంఖ్యకన్నను నమ్మదగినది కొలత. దుకాణమునకు పోకమునుపే గుడారపు నేల కొలతను తెలిసికొని, క్వార్టరు ముందటి వాకిటిలో ముగ్గుపిండితో అంత గీత గీయుడు. ఆ గీతలోపల పరుపులు పఱచి, ఇంటిల్లిపాదియు పండుకొని చూడుడు. ఇరుగుపొరుగువారు నవ్వుదురు, నవ్వనిండు. గోపురపు గుడారమైనచో గోడలు వాలుట వలన అంచునుండి ఒక అడుగు చోటు పనికిరాదని తీసివేయుడు. గోడలు నిలువుగా నుండు ఇంటివంటి గుడారములలో అంచువఱకును చోటు దక్కును.

రెండవది, ఎత్తు. దీనికి నా భార్య చెప్పిన పరీక్షకన్న మంచిది నాకు కనబడలేదు: లోపల నిలువబడి చీర కట్టుకొనుటకు వీలున్నదా, లేదా? ఆడువారు వంగి, మోకాళ్ళమీద కూర్చుండి చీర కట్టుకొనజాలరు. నడుమ ఆఱడుగులకు పైబడి యెత్తుండవలెను. ఆ యెత్తు ఒక్క చుక్క కడనే గాక కొంతమేర వ్యాపించి యుండవలెను. నడుమ తెర కట్టి రెండు గదులు చేసికొను వీలున్నచో ఇంకను మేలు.

మూడవది, ద్వారములు. రెండు ద్వారములున్నచో రాత్రివేళ ఎవరినీ దాటకుండ బయటికి పోవచ్చును. ముసలివారి పరుపు ఒక ద్వారమునకు ప్రక్కగా నుండవలెను. వారి చేతికందునట్లు టార్చి యుండవలెను. ద్వారము ముందు చిన్న వసారా యున్నచో చెప్పులు, వంటసామాను అందుంచి, లోపలి నేలను పొడిగా కాపాడుకొనవచ్చును.

నాలుగవది, బట్ట. పూర్వపు కాన్వాసు నూలుబట్ట. తడిసినప్పుడు దాని పోగులుబ్బి కన్నములు మూసికొనును. గాలిని కొంత పోనిచ్చును. ఎండలో నీడ చక్కగా నిచ్చును. కాని చాల బరువు. తడిగా మడచిపెట్టినచో బూజుపట్టి కుళ్ళును. నేడు ఎక్కువగా దొరకునది పాలియెస్టరు. తేలిక, త్వరగా ఆఱును, తడిసినప్పుడు నైలానువలె సాగదు. కాని చాలకాలము ఎండలో నుంచినచో ఏ కృత్రిమపు బట్టయైనను బలము కోల్పోవును. నీటిని ఆపు శక్తిని మిల్లీమీటర్లలో వ్రాయుదురు. బట్టమీద ఒక గొట్టమును నిలువుగా నుంచి నీరు పోయుచు పోగా, ఎంత యెత్తు నీరు నిలిచినప్పుడు అది క్రిందికి ఊటపెట్టునో ఆ యెత్తే ఆ సంఖ్య. పైకప్పు బట్టకు 1500, అడుగు బట్టకు 3000 ఉన్నచో సాధారణ వానలకు చాలును. మన మోకాళ్ళు, మోచేతులు ఒత్తుచుండుటచేత అడుగు బట్టకు ఎక్కువ కావలెను. కుట్లమీద నీరు చొరని పట్టీ అతికించియున్నదేమో చూడుడు. వాన మొదట ప్రవేశించునది కుట్ల సూదికన్నములనుండియే.

అమ్మగారి దుప్పటి తడిసినది వానవలన గాదని మీకు మనవి చేసితిని. దీనికి మందు రెండు పొరల గుడారము. లోపలిపొర పైభాగము దోమతెరవంటి వలబట్ట. దానిమీద జానెడు ఎడముగా పైకప్పు. ఊపిరిలోని తడి వలనుండి దాటి పైకప్పున చేరును. గాలి ఆడుటకు క్రిందను మీదను కిటికీలున్నచో అదియు వెడలిపోవును. చలికి భయపడి కిటికీలన్నియు బిగించుట నావంటి క్రొత్తవారు చేయు పొరపాటు.

అయిదవది, గడలు. ఉక్కు మనుష్యులము మనము. ఈ విషయమున మనకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. ఫైబరుగ్లాసు గడలు చవుక. కాని విఱిగినప్పుడు చీలికలై చేతికి గ్రుచ్చుకొనును. అల్యూమినియము తేలిక, ఎక్కువ వంగినను చాలమట్టుకు సరిచేసికొనవచ్చును. ఉక్కు గడలు బరువైనను, నిలువుగోడల పెద్ద గుడారమును నిలుపుటకు గట్టివి. బరువును మోయునది కారే గదా! అయితే కట్టిన మూట పొడవెంతయో, అది పరుపులతోపాటు డిక్కీలో పట్టునో లేదో కొనకముందే కొలుచుకొనుడు.

ఆఱవది, నేల, గాలి. గుడారము పెద్దదైనకొలది గాలికి ఎదురు నిలుచు మేర పెఱుగును. ఇది పెద్ద గుడారము నందలి దోషము. నాలుగు వైపుల త్రాళ్ళను బిగించి, మేకులను గుడారమునకు అవతలి వైపు వాల్చి దిగగొట్టవలెను. ఛత్తీస్‌గఢ్ రైతులు తమ నేలలను భాటా, మటాసి, డోర్సా, కన్హార్ అని నాలుగు పేరులతో పిలుతురు. ఎఱ్ఱని గులకల భాటా నేలలో గుడారముతో వచ్చు సన్నని మేకులు వంకరపోవును; గట్టి ఉక్కు మేకులు, మంచి సుత్తి కొనిపోవలెను. నల్లని కన్హార్ నేల ఎండినప్పుడు రాయి, తడిసినప్పుడు ముద్ద. అందు పొడవైన వెడల్పు మేకులు కావలెను. అడుగున పఱచు టార్పాలిను గుడారపు అంచునకు బయట కనబడకుండ లోపలికి మడువవలెను. లేనిచో వాననీటిని అదియే పట్టి మన పరుపుల క్రిందికి తెచ్చును.

ఇక ప్రాణములకు సంబంధించిన రెండు మాటలు. వీనిని తల్లులు ముఖ్యముగా వినవలెనని ప్రార్థన.

మన ప్రాంతములలో కట్లపాము రాత్రివేళ తిరుగును. నేలమీద నిద్రించువారిని కఱచును. ఆ కాటు నొప్పి తెలియకుండ నుండుటయు కలదు. కావున అడుగుబట్ట గోడలతో కలిపి కుట్టియుండి, అంచులు తొట్టివలె జానెడు పైకి లేచియుండవలెను. జిప్పులు నేలవఱకును పూర్తిగా మూసికొనవలెను. దుకాణమున జిప్పును పదిసారులు తీసి మూసి చూడుడు. బట్టను కఱచి నిలిచిపోవు జిప్పున్న గుడారమును అచ్చటనే వదలివేయుడు. దోమలనుండి, తన్మూలమున మలేరియానుండి, కాపాడునదియు ఈ జిప్పే. బయట విడిచిన చెప్పులను ఉదయము దులిపి తొడుగుకొనుడు.

రెండవది నిప్పు. చలికాలమున బొగ్గుల సిగిడి వెలిగించుట మన యిండ్లలో కలదు. దానిని గుడారములోపలికి ఎన్నడును తేరాదు, ఆఱిపోవుచున్నదని తోచినను తేరాదు. బ్లాస్టు ఫర్నేసు వాయువులో కార్బన్ మోనాక్సైడు ఉండునని, దానికి వాసన లేదని, రంగు లేదని, కర్మాగారమున పనిచేయువారందఱకు నేర్పుదురు. సిగిడి బొగ్గులనుండి వచ్చునదియు ఆ విషవాయువే. నిద్రించువాడు మేల్కొనకయే పోవును. బట్ట నిప్పంటుకొను భయము దీనికి అదనము. చలికి ఉన్ని దుప్పట్లు, క్రింద మందపు పఱపు. వంట బయట, గాలికి ఆవలి ప్రక్కన. వేఱు ఉపాయము లేదు.

చోటును గూర్చి ఒక్కమాట. ఎండిన వాగు నడుమను, ఆనకట్టకు దిగువ ఇసుకలోను గుడారము వేయరాదు. పైన కురిసిన వాన, వదలిన నీరు మనకు చెప్పి రావు. ఎండుకొమ్మల చెట్టుక్రింద వేయరాదు. అభయారణ్యములలో అటవీశాఖవారి అనుమతి లేక రాత్రి నిలువరాదు. జూన్ నడుమనుండి సెప్టెంబరు వఱకు వానలు; నవంబరునుండి ఫిబ్రవరి వఱకు ఈ వినోదమునకు అనుకూలము.

రెండవ గుడారమును కొనుటకు నేను ఒక సంవత్సరము ఆగితిని. అది ఎనిమిదిమంది కని వ్రాసినది. నేల 13 అడుగులు, 9 అడుగులు. ఎత్తు 6 అడుగుల 4 అంగుళములు. రెండు ద్వారములు, నడుమ తెర, బరువు 14 కిలోలు. తెచ్చిన ఆదివారమే వాకిట నిలిపి, రబ్బరు గొట్టముతో అరగంట నీళ్ళు చల్లితిమి. ఒక మూల కుట్టు కాఱినది. దానికి మైనము వంటి లేపనము పూసి మరల చల్లి చూచితిమి. ఇంటివద్దనే ఒకసారి నిలుపుట వలన ఏ గడ ఎచ్చట దూర్చవలెనో పిల్లలకు కంఠస్థమైనది. చీకటిలో క్రొత్తచోట నేర్చుకొనుట కష్టము.

అమ్మగారిని రమ్మని అడుగలేదు. వాకిట నిలిపియున్న గుడారములో మడతమంచము వేసి, క్రింద దాని కాళ్ళు బట్టను చింపకుండ చెక్కపలకలుంచి, "ఒకసారి పడుకుని చూడమ్మా" అంటిని. ఆమె మంచముమీద కూర్చుండి, లేచి, ప్రక్క ద్వారపు జిప్పును తానే తీసి బయటికి వచ్చి, మరల లోపలికి పోయెను. ఎవరి చేయియు పట్టుకొనలేదు. తరువాత వంటింటికి పోయి నా భార్యతో, "ప్రయాణానికి పచ్చడి ఏది పెట్టమంటావు?" అని అడిగినది.

ఆమె మాతో ఆ గుడారమున మూడు శీతకాలములు గడపెను. తాందులా యొడ్డున ఒక తెల్లవాఱుజామున పిల్లలను లేపి, ఆకాశమున వేగుచుక్కను చూపినది. ఆమె ఇప్పుడు లేరు. ఆ ద్వారము ప్రక్కచోటు నేటికిని ఇంటికి వచ్చిన పెద్దవారికే ఇచ్చుచున్నాము.

సోదరులారా! పెద్ద గుడారమునకు ధర ఎక్కువ. ఏడాదికి రెండు మూడు మాఱులకై అందఱును కొనలేరు. మన సంఘమువారు చందాలతో అట్టి గుడారము నొకదానిని కొని ఉంచి, సభ్యులకు వంతులవారీగా ఇచ్చినచో బాగుండునని నా మనవి. పుస్తకములను ఎరువిచ్చి తీసికొనినట్లే ఇదియు. తిరిగి ఇచ్చువారు దానిని ఎండలో పూర్తిగా ఆరబెట్టి, మేకులను లెక్కపెట్టి ఇయ్యవలెనను నియమ మొక్కటి యుండిన చాలును. మొదటి సంవత్సరము దానిని బాగుచేయు పని నేను చూచుకొందును. కార్యవర్గమువారు ఆలోచింతురని ఆశించుచున్నాను.